పసుపు జెండా ఊపితే కాలు తియ్యాలి

ఇంగ్లండ్ దక్షిణ తీరానికి దగ్గర్లో ఉన్న గుడ్‌వుడ్‌లో ఏటా సెప్టెంబరులో పాత రేసు కార్లు మళ్లీ పందెంలోకి దిగుతాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అది యుద్ధ విమానాల స్థావరం. యుద్ధం ముగిశాక దాని చుట్టుదారే 1948లో రేసు ట్రాక్ అయింది. 1966లో మూతపడి, 1998లో ‘గుడ్‌వుడ్ రివైవల్’ పేరుతో మళ్లీ తెరుచుకుంది. మొత్తం 36 మాత్రమే తయారైన ఫెరారీ 250 జీటీఓ కార్లు కూడా అక్కడ పరుగెత్తాయి. వాటిలో ఒకటి 2018లో వేలానికి వస్తే 4.84 కోట్ల డాలర్లు పలికింది. అంత ఖరీదైన కారు మలుపులో అదుపు తప్పి గడ్డిలోకి దూసుకెళ్తే, మంటలార్పే సిలిండర్ పట్టుకుని దాని దగ్గరికి పరుగెత్తే మనిషికి మాత్రం పైసా జీతం ఉండదు. బ్రిటన్‌లో ట్రాక్ పక్కన నిలబడే మార్షళ్లు దాదాపు అందరూ స్వచ్ఛందంగా వచ్చేవాళ్లే. వారమంతా ఎక్కడో ఉద్యోగం చేసుకుని, సెలవురోజున సొంత పెట్రోలు పోసుకుని వచ్చి, ఎండైనా వానైనా సాయంత్రం దాకా పోస్టు దగ్గర ఉంటారు. జెండా ఊపేదీ, ట్రాక్ మీద కారిన నూనెపై సిమెంటు పొడి చల్లేదీ, ఆగిపోయిన కారును పక్కకు నెట్టేదీ వాళ్లే. రేసు ముగిశాక డ్రైవర్లు ఒక చుట్టు నెమ్మదిగా తిరుగుతూ ప్రతి పోస్టుకూ చెయ్యి ఊపుతారు. ముచ్చటైన ఆచారమే. కానీ డ్రైవరు మార్షల్‌కు పడిన బాకీ తీర్చాల్సింది అంతకుముందే, పసుపు జెండా కనిపించిన చోట. అక్కడ యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తియ్యనివాడు చివర్లో ఎంత ఆప్యాయంగా చెయ్యి ఊపినా అది లెక్కలోకి రాదు.

పసుపు జెండా చెప్పేది క్లుప్తంగానే ఉంటుంది. ఒకటి ఊపితే, ముందు ప్రమాదం ఉంది, వేగం తగ్గించు, ఎవరినీ దాటకు. రెండు ఊపితే, దారి మూసుకుపోయి ఉండొచ్చు, ట్రాక్ మీద మనుషులు ఉండొచ్చు, అవసరమైతే ఆగడానికి సిద్ధపడు. దాటకూడదన్న షరతును డ్రైవర్లు బాగానే పాటిస్తారు. ఎవరు ఎవరిని దాటారో అందరి కళ్లకూ కనిపిస్తుంది కాబట్టి. బేరాలన్నీ వేగం దగ్గరే. ‘తగ్గించాను’ అన్న మాటకు కొలత లేదు. గంటకు 160 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు 44 మీటర్లు పోతుంది. వంగి పనిచేసుకుంటున్న మార్షల్ తోటివాడి ఈల విని, తలెత్తి చూసి, అడ్డుగోడ వైపు కదిలేలోపు రెండు సెకన్లు పడితే కారు దాదాపు 90 మీటర్లు దాటేస్తుంది. అదే కారు 110కి తగ్గితే గుద్దుకునే శక్తి సగానికన్నా కిందికి పడిపోతుంది. 150కి తగ్గించి ఇది చాల్లే అనుకుంటే తగ్గేది సుమారు ఎనిమిదో వంతే. డ్రైవరు దృష్టిలో రెండూ ‘తగ్గించడమే’. అడ్డుగోడకు ఇవతల నిలబడ్డవాడికి మాత్రం ఆ రెండింటి మధ్య చావుబతుకుల తేడా ఉంటుంది.

ఈ కొలతను డ్రైవరు విచక్షణకు వదిలేస్తే ఏమవుతుందో 2014 అక్టోబరు 5న జపాన్‌లోని సుజుకాలో జరిగిన ఫార్ములా వన్ రేసులో తెలిసొచ్చింది. వానలో ఒక కారు జారి టైర్ల గోడను గుద్దింది. దాన్ని తీయడానికి ట్రాక్టర్ వచ్చింది. చుట్టూ మార్షళ్లు ఉన్నారు, రెండు పసుపు జెండాలు ఊగుతున్నాయి. డ్రైవరు జూల్ బియాంకీ కారు అదే చోట ట్రాక్ తప్పి ట్రాక్టర్‌ను ఢీకొంది. తొమ్మిది నెలలు స్పృహ లేకుండా ఉండి, 2015 జులైలో ఆయన చనిపోయాడు. నీళ్లు పారిన ట్రాక్, కారు బ్రేకుల వ్యవస్థ లాంటి కారణాలు చాలానే చెప్పిన అంతర్జాతీయ మోటారు క్రీడల సంస్థ ఎఫ్ఐఏ విచారణ బృందం, అదుపు నిలుపుకునేంతగా ఆయన వేగం తగ్గించలేదని కూడా తేల్చింది. 2015 నుంచే ఫార్ములా వన్‌లో వర్చువల్ సేఫ్టీ కారు వచ్చింది. ఎంత నెమ్మదిగా వెళ్లాలో ఎలక్ట్రానిక్ పద్ధతిలో ప్రతి డ్రైవరుకూ చెప్పే ఏర్పాటు అది. ప్రపంచంలో అత్యుత్తమ డ్రైవర్ల విచక్షణ కూడా చాలదని ఆ క్రీడ ఒప్పుకున్నట్టే కదా. మరి 1950ల నాటి కారులో అలాంటి ఏర్పాటు ఎక్కడ పెడతారు? ఆ రోజుల రేసు కార్లు చాలావాటిలో వేగం చూపే మీటరే ఉండదు. ఇంజిను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ముల్లు మాత్రం ఉంటుంది. డ్రమ్ బ్రేకులు వేడెక్కితే పట్టు సడలుతుంది, సన్నటి టైర్లు ఇట్టే జారతాయి. పైగా ఒకే రేసులో పేరుమోసిన రేసర్లూ, సరదాకి నడిపే పెద్ద వయసు యజమానులూ కలిసి పరుగెడతారు. యంత్రం ఆదుకోలేని చోట భారమంతా డ్రైవరు పాదం మీదే పడుతుంది. కారు పాతదైతే బాధ్యత తగ్గదు, రెట్టింపవుతుంది.

ప్రతి దుర్ఘటననూ డ్రైవర్ల నెత్తిన రుద్దాలని నా వాదన కాదు. 1977 మార్చి 5న దక్షిణాఫ్రికాలోని కైలామీలో ఆగిపోయిన ఒక కారులో చిన్న మంట లేస్తే, ఇద్దరు మార్షళ్లు అనుమతి లేకుండానే ట్రాక్ దాటి పరుగెత్తారు. ముందున్నవాడు అవతలికి చేరాడు. వెనకున్న 19 ఏళ్ల ఫ్రెడరిక్ యాన్సెన్ వాన్ వూరెన్‌ను టామ్ ప్రైస్ కారు గుద్దింది. అతని చేతిలోని మంటలార్పే సిలిండర్ ప్రైస్ తలకు తగిలి ఇద్దరూ అక్కడికక్కడే ప్రాణాలు వదిలారు. ఎత్తు ఎక్కి వస్తున్న ప్రైస్‌కు ఆ కుర్రాడు కనిపించే వీలే లేదు. అది శిక్షణలో లోపం, ఇవాళ మార్షళ్లకు ఇంత పద్ధతిగా తర్ఫీదు ఇస్తున్నది అలాంటివి జరగకుండా ఉండటానికే. 2000లో గుడ్‌వుడ్ ఫెస్టివల్ ఆఫ్ స్పీడ్‌లో 1969 నాటి లోటస్ కారు ముగింపు గీత దగ్గర అదుపు తప్పినప్పుడు డ్రైవరూ ఒక మార్షలూ చనిపోయారు. అక్కడ పసుపు జెండా ప్రసక్తే లేదు. డ్రైవరు ఆపలేని ప్రమాదాలు ఇన్ని ఉన్నప్పుడు, కాలు కాస్త ఎత్తితే ఆగిపోయే ప్రమాదాన్ని కూడా వాటి పక్కన చేర్చడం ఎందుకు?

మార్షళ్లు ప్రమాదం తెలిసే వచ్చారు కదా అనేవాళ్లున్నారు. తెలిసే వచ్చారు, నిజమే. కారు పల్టీ కొట్టే ప్రమాదానికీ, చక్రం ఊడి ఎగిరొచ్చే ప్రమాదానికీ ఒప్పుకుని వచ్చారు. తాము ఊపుతున్న జెండాను చూసి కూడా పట్టించుకోనివాడి కోసం ఒప్పుకుని రాలేదు. డ్రైవర్లు లేవనెత్తే ఇంకో అభ్యంతరానికి ఎక్కువ బలం ఉంది: నేను ఒక్కసారిగా వేగం తగ్గిస్తే వెనకవాడు వచ్చి గుద్దుతాడు. ఈ భయం ఉత్తది కాదు. కానీ వెనకవాడు తగ్గించడన్న అనుమానం ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరూ సరిగా తగ్గించని అలవాటు నుంచే. అందరూ తగ్గిస్తారన్న నమ్మకం కుదిరితే ఆ భయానికి తావుండదు. ఆ నమ్మకాన్ని మంచి మాటలు తెచ్చిపెట్టవు, శిక్షలు తేవాలి. ఇక జెండా కనిపించలేదనే సాకు ఉంది. ప్రతి పోస్టు ఎక్కడుందో ఉదయం ప్రాక్టీసులోనే చూసుకోవడం డ్రైవరు పని. నూనె చిందిన గాగుల్స్‌లోంచి ముందున్న కారును ఎక్కడ దాటాలో కనిపించినవాడికి జెండా కూడా కనిపిస్తుంది.

కాబట్టి నిర్వాహక క్లబ్బులు కార్లు ఒకదాన్నొకటి రాసుకున్న తగాదాల కంటే పసుపు జెండా ఉల్లంఘనను పెద్ద నేరంగా చూడాలి. రుజువు కష్టమనే మాట ఇప్పుడు చెల్లదు. కారులో కెమెరా పెట్టొచ్చు, చుట్టు సమయాలు యంత్రాలే నమోదు చేస్తాయి. మార్షళ్లు ట్రాక్ మీద ఉన్న చుట్టులోనూ మామూలు సమయమే నమోదైతే ఇక వాదన దేనికి? అయిదు సెకన్లు కలపడం లాంటి నామమాత్రపు శిక్ష వద్దు, ఆ రోజుకు ఇంటికి పంపాలి. అలా చేస్తే డ్రైవర్లు వేరే క్లబ్బుకు పోతారు, ప్రవేశ రుసుం పోతుంది అని నిర్వాహకులు జంకుతారు. మార్షళ్లు రావడం మానేస్తే రుసుం ఎంత వసూలైనా రేసు జరగదన్నది వాళ్లకు తెలియనిది కాదు. పోనీ జీతాలిచ్చి పెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్లకు ఒక్కటే జవాబు: జీతం మార్షల్ ఎముకలను గట్టిపరచదు.

శిక్షల కంటే మేలైన మార్గం ఒకటి బ్రిటన్ నిబంధనల్లోనే కనిపిస్తుంది. అక్కడ కొత్త రేసర్లు పైస్థాయి లైసెన్సుకు కావలసిన అధికారుల సంతకాల్లో ఒకటి, ఒక రోజు మార్షల్‌గా పనిచేసి సంపాదించుకునే వీలు చాలాకాలంగా ఉంది. కొత్తవాళ్లకు వెసులుబాటుగా ఉన్నదాన్ని అనుభవజ్ఞులకు నియమం చెయ్యాలి. ఏడాదికి ఒక రోజు జెండా పట్టుకుని నిలబడితేనే పాత కార్ల రేసులో ప్రవేశం అనాలి. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు కంచెల వెనక మార్షళ్లను హైదరాబాద్ కూడా చూసింది. మన దగ్గర ఈ క్రీడ మళ్లీ ఊపందుకుంటే ఈ నియమాన్ని మొదటి రోజు నుంచే పెట్టుకోవచ్చు, పాత అలవాట్లు మాన్పించే బాధ ఉండదు. తీరిక లేదనే డ్రైవరును ఒకటే అడగాలి: ఏడాదిలో ఎన్ని వారాంతాలు రేసులకు వెళ్లావు? అందులో ఒకటి తగ్గించుకుంటే సరిపోతుంది.