నిలబడగానే పడిపోయే రక్తపోటు: మాత్రకూ ఒక వేళ ఉంది

సజ్దా నుంచి లేచి నిలబడగానే కళ్ళకు చీకట్లు కమ్మడం, ఫజ్ర్ వేళ పడక దిగగానే కాళ్ళు తేలిపోవడం, వుజూ ముగించి లేస్తూ గోడను ఆసరా చేసుకోవలసి రావడం... పెద్దవారున్న ఇళ్ళలో తరచుగా వినిపించే మాటలివి. 'వయసు మీద పడింది, నీరసం' అని సరిపెట్టుకుంటాం. కాని అనేకమందిలో దీనికి కారణం, నిలబడినప్పుడు రక్తపోటు పడిపోవడమే. దీనివల్ల కిందపడి తుంటి ఎముక విరిగితే, ఆ వయసులో మళ్ళీ తమంత తాము నడవడం ఎందరికో సాధ్యం కాదు. కనుక దీన్ని తేలికగా తీసుకోరాదు.

ఎందుకిలా జరుగుతుంది?

మనిషి నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం పొట్ట, కాళ్ళలోకి దిగుతుంది. ఆరోగ్యవంతులలో నరాలు దీన్ని వెంటనే పసిగట్టి, రక్తనాళాలను బిగించి, గుండె వేగాన్ని పెంచుతాయి. అల్లాహ్ చేసిన ఈ ఏర్పాటు క్షణాలలో జరిగిపోతుంది గనుక మనకు తెలియనే తెలియదు. దీర్ఘకాలంగా మధుమేహం ఉన్నవారిలోను, పార్కిన్సన్స్ వ్యాధిగ్రస్తులలోను ఆ నరాలు దెబ్బతినవచ్చు. నిలబడిన 3 నిమిషాలలోపు పై రక్తపోటు 20 గాని, కింది రక్తపోటు 10 గాని తగ్గితే ఈ రుగ్మత ఉన్నట్లు వైద్యులు భావిస్తారు. కూర్చోబెట్టి ఒక్కసారి చూస్తే ఇది బయటపడదు. 5 నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టిన 1 నిమిషానికి, 3 నిమిషాలకు మళ్ళీ చూడాలి.

మందుకు ముందు

తొలుత పరిశీలించవలసింది ఇప్పటికే వాడుతున్న మందులను. అధిక రక్తపోటు మాత్రలు, మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు, ప్రోస్టేటు గ్రంథి కోసం ఇచ్చే టామ్సులోసిన్ వంటివి, మానసిక వ్యాధుల మందులు కొన్ని ఈ స్థితికి కారణం కావచ్చు. వాటిని సొంతంగా మానేయకూడదు. అన్నింటినీ ఒక సంచిలో వేసుకుని వైద్యునికి చూపించాలి. తగినన్ని నీళ్ళు తాగడం, మంచానికి తలవైపు ఎత్తు పెంచడం, లేచేముందు కాసేపు పడక అంచున కూర్చోవడం, కాళ్ళకు బిగుతు మేజోళ్ళు తొడగడం మేలు చేస్తాయి. ఉప్పు పెంచే విషయం మాత్రం వైద్యుడే నిర్ణయించాలి. గుండె, మూత్రపిండాల వ్యాధులున్నవారికి అది హాని చేస్తుంది.

రెండు ప్రధాన ఔషధాలు

ఇవి చాలనప్పుడు వైద్యులు ఇచ్చే వాటిలో ముఖ్యమైనది మిడోడ్రిన్. ఇది రక్తనాళాలను బిగిస్తుంది. వేసుకున్న గంటలోపు పని మొదలుపెట్టి రెండు మూడు గంటలు నిలుస్తుంది. అందుకే మెలకువగా ఉండే వేళలలో, సాధారణంగా రోజుకు మూడుసార్లు ఇస్తారు. ఇది నిలబడినప్పుడే కాదు, పడుకున్నప్పుడు కూడా రక్తపోటును పెంచుతుంది. పడుకున్నప్పుడు అది ప్రమాదకర స్థాయికి చేరవచ్చు. కనుక చివరి మాత్రకూ పడకకూ మధ్య కనీసం 4 గంటల వ్యవధి ఉండాలి. రాత్రి 10 గంటలకు నిద్రించేవారు సాయంత్రం 6 తర్వాత దీన్ని వేసుకోరాదు. జుహ్ర్ తర్వాత కునుకు తీసే అలవాటున్నవారు ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పాలి. తలమీద చర్మం చిమచిమలాడటం, రోమాలు నిక్కబొడుచుకోవడం దీని వల్ల సాధారణంగా కనిపించేవే. మూత్రం బిగబడితే మాత్రం వెంటనే తెలియజేయాలి.

రెండవది ఫ్లూడ్రోకార్టిసోన్. ఇది శరీరంలో ఉప్పును, నీటిని నిలిపి ఉంచుతుంది. ఫలితం కనిపించడానికి కొన్ని రోజులు పడుతుంది. కాళ్ళ వాపు రావచ్చు, రక్తంలో పొటాషియం తగ్గవచ్చు. అందువల్ల మధ్యమధ్య రక్తపరీక్ష తప్పనిసరి. గుండె బలహీనంగా ఉన్నవారికి ఇది సాధారణంగా తగదు.

రమజాన్‌లో జాగ్రత్త

ఉపవాసంలో నీరు తగ్గడం వల్ల రక్తపోటు మరింత పడిపోతుంది. కొందరు పగటి మాత్రలను ఇఫ్తార్ తర్వాతకు మార్చుకుని, తరావీహ్ ముగించి వచ్చి పడుకుంటారు. మిడోడ్రిన్ విషయంలో ఇది మేలు చేయకపోగా కీడు చేస్తుంది. రమజాన్‌కు కొన్ని వారాల ముందే వైద్యుణ్ణి సంప్రదించాలి. రోగులకు ఉపవాసాన్ని వాయిదా వేసుకునే అనుమతిని స్వయంగా దివ్యఖుర్ఆనే ఇచ్చింది. తగ్గని వ్యాధి అయితే ఫిద్యా విషయమై ధర్మపండితుల్ని అడగాలి.

నమాజులోనూ అంతే. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) గుర్రం మీది నుంచి పడి గాయపడినప్పుడు కూర్చునే నమాజు చేయించారు. నిలబడలేని వారికి కూర్చునే అనుమతి ఇచ్చారు. అయినా మస్జిదులో కుర్చీ వేసుకోవడానికి మన పెద్దలు బిడియపడతారు. కళ్ళు తిరుగుతున్న సంగతిని బిడ్డలకు చెప్పకుండా దాచుకుంటారు. ఆ బిడియాన్ని పోగొట్టవలసింది ఇంట్లోని వారే. అబ్బాజాన్‌ను, అమ్మీజాన్‌ను అడగండి. వారి మాత్రల వేళలను కాగితం మీద రాసి గోడకు అంటించండి. తహజ్జుద్‌కు లేచే దారిలో దీపం వెలిగించి ఉంచండి. తల్లిదండ్రుల సేవలో ఇది కూడా భాగమే.

అల్లాహ్ మన పెద్దలందరికీ ఆరోగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.