లూప్‌లో ఉన్న డప్పు ఎవరిది?

మొన్న బోధన్‌లో ఒక పెళ్లి బరాత్. డీసీఎం మీద డీజే బాక్సులు, ముందు తీన్మార్ ఆడుతున్న జనం. బేస్ గుండెల్లో గుద్దగానే హైదరాబాద్ నుంచి వచ్చిన మిత్రుడు పట్టేశాడు: "808 రా ఇది!"

రోలాండ్ టీఆర్-808. 1980 నుంచి 1983 దాకా తయారైన డ్రమ్ మెషీన్. లోపమున్న ట్రాన్సిస్టర్లనే ఏరి కొని వాడారట, ఆ బుసబుస చప్పుడు అందులోంచే వచ్చిందట. ఆ సరుకు దొరక్కే తయారీ ఆగింది. ఇప్పుడు ఆ లోపాన్ని కూడా సాఫ్ట్‌వేర్‌లో అచ్చు దించుతున్నారు. మావాడికి ఇదంతా కంఠస్థం.

అదే పాటలో డప్పు కూడా మోగుతోంది. అదెవరిదని డీజే తమ్ముణ్ణి అడిగాను. "పెన్‌డ్రైవ్‌ల వచ్చిందన్నా, ఎవరిదో ఏమెరుక!"

నా పేచీ ఆ తమ్ముడితో కాదు, మనతో. అసలు డ్రమ్ములా మోగడం లేదని 808ని ఆనాడు వెక్కిరించారు. సెకండ్ హ్యాండ్‌లో చవకగా దొరికితే న్యూయార్క్, డెట్రాయిట్ నల్లజాతి కుర్రాళ్లు దాన్ని తమది చేసుకున్నారు. 1982లోనే బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ దానిమీద రాగాలు వాయించాడు, అప్పుడు పట్టించుకున్నవాళ్లు లేరు. చేతికందినదాన్ని సొంతం చేసుకోవడమే 808 నేర్పిన పాఠం. అది నిజామాబాద్ డీజే పిల్లలకు వచ్చు. ప్లగిన్ కొని మురిసే మనకే రాలేదు.

డప్పునూ శాంపిల్ చేశారు కదా అంటారు. చేశారు, ఒక్క దెబ్బను. కానీ డప్పు ఒక్క చప్పుడు కాదు. మంటకు కాస్తే తోలు బిగుస్తుంది, చల్లబడితే శ్రుతి దిగుతుంది. సిర్ర ఒకటి పలికితే సిటికెన పుల్ల ఇంకోటి పలుకుతుంది. 808లో ఏ నాబ్ తిప్పితే ఏమవుతుందో పేజీలకు పేజీలు రాసుకున్నాం. ఇది ఎవరు రాశారు?

1930ల్లో మొదలై 2015లో మూతపడ్డ నిజాం షుగర్స్ ముందు నిలబడి మనం ఫొటోలు దిగేదీ ఇలాగే. మెషీన్ మీద బెంగ ఉంటుంది, చెరుకు నరికిన చేతులు గుర్తుండవు. డప్పు కొట్టినోడి కులం ఊరందరికీ ఎరుకే, పేరే ఎవరికీ అక్కర్లేదు.

కాబట్టి 808 భక్తులారా, ఆ శ్రద్ధలో సగం ఇటు తిప్పండి. మైకు పట్టుకుని వాడకు వెళ్లండి. డప్పు కాగేదాకా ఆగండి. డబ్బులిచ్చి రికార్డు చేయండి. ఫైలుకు "డప్పు లూప్ 7" అని కాదు, కొట్టిన మనిషి పేరు పెట్టండి.