మంచం పక్కన మనిషి మాటేమిటి?

మల్కాపురంలో ఇఎస్‌ఐ ఆస్పత్రి ఉంది. బీమా ఉన్న కార్మికుడు జబ్బుపడితే ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం వస్తుంది. క్షయ, పక్షవాతం వంటి దీర్ఘవ్యాధులకైతే, అర్హత ఉంటే, రెండేళ్ల వరకు 80 శాతం. పక్షవాతంతో పూర్తిగా మంచానపడిన వారికి రాష్ట్ర ప్రభుత్వం 2024 జూలై నుంచి పింఛను నెలకు 15,000 రూపాయలు చేసింది. సంతోషమే.

అయితే ఆ మంచం పక్కన కూర్చున్న ఇల్లాలి పద్దు ఏ రిజిస్టరులో ఉంది? రోగిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. లేకుంటే వీపున, తుంటిన పుండ్లు పడతాయి. రాత్రీ అంతే. ఇక ఆమె కూలికి వెళ్లేదెప్పుడు? ఆమె వెళితే కూతురు బడి మానాలి. ఇరుగుపొరుగు వారం రోజులు సాయపడతారు, ఏడాది పొడుగునా రమ్మంటే ఎలా వస్తారు, ఎవరి పొయ్యి వారిది.

మందుల చీటీ ఇచ్చి పంపితే చాలదు. రోగిని ఎలా తిప్పాలో, పుండును మొదట్లోనే ఎలా పసిగట్టాలో ఇంటికి పంపేముందు నర్సు ఒక పూట దగ్గరుండి నేర్పాలి. తర్వాత వార్డు ఆరోగ్య సిబ్బంది పదిహేను రోజులకొకసారి ఇంటికి వచ్చి రోగి వీపు చూడాలి. ఆ ఇల్లాలు తిన్నదో లేదో కూడా అడగాలి. జిల్లా వైద్యాధికారులు దీనిని మల్కాపురం నుంచే మొదలుపెట్టవచ్చు.