క్లాంగ్ లేదంటోందా? ఫార్మాట్ చేయకండి!

బెంజ్ సర్కిల్‌కు ఏ ఆసుపత్రి దగ్గరో చూపించే ప్రాజెక్టు చేయాలంటే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్ ఉచితంగానే దొరుకుతుంది. దూరాలు లెక్కగట్టడానికి దానికి పోస్ట్‌జీఐఎస్ అనే ఎక్స్‌టెన్షన్ జోడించాలి. 2001లో తొలిసారి విడుదలైన దీన్ని సోర్స్ కోడ్ నుంచి కంపైల్ చేసేటప్పుడే అసలు చిక్కు.

జీసీసీ కంపైలర్ ఉన్నా, క్లాంగ్ లేదంటూ పని మధ్యలో ఆగిపోవచ్చు. గడువు దగ్గరపడిన విద్యార్థికి కాళ్లూ చేతులూ ఆడవు. కొందరైతే సిస్టమ్ మొత్తాన్నీ ఫార్మాట్ చేసేస్తారు. అంత అవసరం లేదు.

తప్పు పోస్ట్‌జీఐఎస్‌ది కాదు. 2018లో వచ్చిన 11వ వెర్షన్ నుంచి పోస్ట్‌గ్రెస్‌లో క్వెరీలను వేగంగా నడిపే జిట్ సదుపాయం ఉంది. దానికి ఆధారం ఎల్ఎల్‌వీఎం. ఆ సదుపాయంతో తయారైన డేటాబేస్ తన ఎక్స్‌టెన్షన్లనూ అదే పద్ధతిలో కంపైల్ చేయమంటుంది. అందుకే క్లాంగ్‌ను అడుగుతుంది.

దీనికి రెండు మార్గాలున్నాయి. తగిన వెర్షన్ క్లాంగ్‌ను ఇన్‌స్టాల్ చేసుకోవడం ఒకటి. కంపైల్‌కూ, ఇన్‌స్టాల్‌కూ ఇచ్చే మేక్ ఆదేశాల్లో ఎల్ఎల్‌వీఎం వద్దని చెప్పడం రెండోది. అలా చేసినా ఎక్స్‌టెన్షన్ చక్కగా పనిచేస్తుంది. జిట్ వల్ల వచ్చే వేగం కొంత తగ్గుతుందంతే.

ఉబుంటూ వాడేవారు రెడీమేడ్ ప్యాకేజీ వేసుకుంటే అసలు ఈ బెడదే ఉండదు.