చుక్క కారితే ఇంజను దించాలా?

పొద్దున్నే వాకిలి ఊడుస్తుంటే బండి కింద నల్లటి మరక కనబడుతుంది. మొవ్వ, పామర్రు చుట్టుపక్కల పాత అంబాసిడర్‌ని ఇంకా వదులుకోని ఇళ్లలో దానిమీద రెండే తీర్పులు. ఇంజను దించాలని ఒకరు, తుక్కుకి ఇచ్చేయమని ఇంకొకరు. రెండూ తొందరపాటే.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. దశాబ్దాలపాటు దాన్ని లాగిన 1489 సీసీ ఇంజను మాత్రం రెండో ప్రపంచయుద్ధం తర్వాతి బ్రిటిష్ సరుకు. అందులో క్రాంక్ షాఫ్ట్ వెనక రబ్బరు సీలు ఉండదు. షాఫ్ట్ మీద మర చుట్టులాంటి గాడి కోసి ఉంటుంది. తిరుగుతున్నంతసేపూ ఆ గాడే ఆయిల్‌ని ఛాంబర్‌లోకి నెట్టేస్తుంది. బండి ఆపాక ఒకటి రెండు చుక్కలు జారడం దాని పుట్టుకలోనే ఉంది.

మిగతా కారుడుకి కారణం వెతకాలి. కింద కనబడ్డ ఆయిల్ కిందనుంచే వచ్చిందనుకోవడం మొదటి పొరపాటు. పైన టాపెట్ కవర్ దగ్గర ఊరినది ఫ్యాన్ గాలికి వెనక్కి పాకి, ఎక్కడో అడుగున బొట్టు కడుతుంది. కిరసనాయిలూ బ్రష్షుతో ఇంజనంతా కడిగి, ఆరాక ముఖానికి రాసుకునే పౌడరు పలచగా చల్లి, కాసేపు స్టార్టు చేసి ఉంచితే చాలు. తెల్లటి పొడిమీద తడి చార ఎక్కడ మొదలైందో అదే చోటు.

ఎక్కువసార్లు అది టాపెట్ కవర్ కింది కార్కు ప్యాకింగే. ఏళ్ల వేడికి ఎండి, గట్టిపడి, కుంచించుకుపోతుంది. కారుతోందని కవర్ మీది రెండు నట్లనీ పానాతో ఇంకా బిగిస్తే రేకు వంగుతుంది, కార్కు పక్కకి ఉబ్బి చిట్లుతుంది. బిగించిన కొద్దీ కారడమంటే ఇదే.

బ్రీదర్ పైపునైతే అసలు ఎవరూ తలుచుకోరు. అది మడ్డితో పూడుకుంటే లోపలి ఒత్తిడికి ఆయిల్ దొరికిన సందునల్లా బయటికొస్తుంది. పైపు కడగకుండా ప్యాకింగులు మార్చడం తూము మూసి గట్టు ఎత్తడమే.

ఇప్పుడు మరో అలవాటు పట్టుకుంది. ఏ జాయింటుకైనా ట్యూబు నొక్కి గమ్ము పూసేయడం. లోపలికి ఉబికిన ముక్కలు ఊడి ఆయిల్ పంపు జల్లెడకి అడ్డం పడ్డాయంటే చుక్క ఆగుతుందేమోగానీ బేరింగులు పోతాయి. ఛాంబర్ బోల్టు కింది రాగి వాషర్‌కి గమ్ము అక్కరే లేదు. ఎర్రగా కాల్చి నీళ్లలో వేస్తే మళ్లీ మెత్తబడి అతుక్కుని కూర్చుంటుంది. చిలకలపూడి గిల్టు నగల పనివాళ్లకి ఈ సంగతి చెప్పక్కర్లేదు.

ఇంత చిన్న పనిమీద ఇంత మాటెందుకంటే, బండి ఆయువు తేలేది ఇక్కడే. 50 ఏళ్లు దాటిన బండ్లకి కేంద్రం 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. కానీ మన వీధుల్లో మిగిలిన ఎనభైలు, తొంభైల నాటి అంబాసిడర్లకీ పద్మినీలకీ ఆ గౌరవం ఇంకా అందలేదు. పదిహేనేళ్లు దాటిన కారు రెన్యువల్ ఫీజు మాత్రం 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకి ఎగబాకింది. ఆ ఖర్చుకి తోడు మెకానిక్ నోట ‘ఇంజను పని ఉందండీ’ అన్న మాట పడితే, యజమాని ఇక ఉయ్యూరు మీదుగా బెజవాడ ఆటోనగర్ దాకా లాక్కెళ్లడు. తుక్కు బేరమే అడుగుతాడు. కార్కు ముక్కతో పోయేదానికి ఇంజను పని పేరు పెట్టడం అన్యాయం. పెట్టేముందు ఆ పౌడరు పరీక్షైనా చేసి చూపించమని యజమానులు అడగాలి.

అన్నీ సరిచేశాక రాత్రి బండి కింద పాత పేపరు పరిచి చూడాలి. తెల్లారేసరికి రెండు బొట్లుంటే డిప్‌స్టిక్ చూసుకుని బండి తీయొచ్చు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ వారం వారం గీత కిందికి దిగిపోతున్నా, వెనకనుంచి కారిన ఆయిల్‌కి క్లచ్ జారుతున్నా అప్పుడు ఇంజను దించే మాట మాట్లాడుకోవచ్చు.