చేను చూడ్డానికి పోతే ఉత్త చేతులతో పోవద్దు



వీడియోలో మీరు చూసిన వేరుశెనగ చేను అనంతపురం దగ్గర మా స్నేహితుడిది. నాకంటే పెద్దవాడు, అన్నా అనే పిలుస్తాను. దసరా సెలవుల్లో పిల్లలతో హైదరాబాద్ నుంచి బెంగళూరుకు కారులో పోతూ, గుత్తి దాటాక హైవే దిగి రెండు రోజులు వాళ్లింట్లో ఉన్నాం. ఐదెకరాల మెట్ట, రెండు నాటు ఆవులు, పని చేసేది భార్యాభర్తలిద్దరే. వేరుశెనగ సాళ్ల మధ్య కంది, అలసంద, గట్ల వెంట ఆముదం. అసలే వాన తక్కువ జిల్లా. వేరుశెనగ ఒక్కటే వేస్తే, వాన మొహం చాటేసిన ఏడు అంతా పోతుంది. ఇలా వేస్తే కందో ఆముదమో ఇంటికొస్తుంది. ఇదంతా వీడియోలో ఉంది.

వీడియోలో లేనిది చెప్పడానికే ఇది రాస్తున్నా.

జీవామృతం డ్రమ్ము దగ్గర నిలబడి ఎకరా లెక్క చెప్పాను. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి, నీడలో 48 గంటలు. చివర్లో "అంతే, ఖర్చు లేని సేద్యం" అన్నాను. కెమెరా ఆపినాక వదిన నవ్వుతూనే అడిగింది.

"ఖర్చు లేదంటివి, సరే. పొద్దున, సాయంత్రం ఆ డ్రమ్ము కలిపేది ఎవురప్పా? పేడ ఎత్తేది ఎవురు? నా కూలి యాడ రాసినావు?"

నా దగ్గర జవాబు లేదు. ఐదెకరాలకు ఒక్క విడతకే 1000 లీటర్లు. కలపాలి, వడగట్టాలి, మోయాలి. బెల్లం, పిండి అంగట్లో కొనాలి. జీరో బడ్జెట్ అన్న పేరును పాలేకర్ గారే తర్వాత వదులుకున్నారు. మనం మాత్రం ఇంకా వదల్లేదు. ఇంటి ఆడవాళ్ల పనిని సున్నా కింద రాసుకుంటేనే ఆ లెక్క సున్నా అవుతుంది.

రెండో మాట. బయల్దేరేటప్పుడు అన్న ఒక మూట చెనక్కాయలు తెచ్చి డిక్కీలో పెట్టాడు. రెండు నెలల్లో మాది నాలుగో కారంట, అందరికీ ఏదో ఒక మూట కట్టారంట. వ్యాపారి దగ్గర మందులేసిన కాయకూ, వెయ్యని కాయకూ ఒకటే ధర. ఆ తేడా ఇవ్వగలిగింది తెలిసి తినేవాళ్లే. ఆ తెలిసిన మనమే ఊరికే తెచ్చుకుంటున్నాం!

డబ్బులిస్తే అన్న నొచ్చుకున్నాడు. "ఇంటికొచ్చినోళ్ల దగ్గర దుడ్డు తీసుకుంటామా?" అన్నాడు. వదిన పెట్టిన సంగటికీ, ఊరిబిండికీ డబ్బులివ్వడం తప్పే, ఒప్పుకుంటాను. అది చుట్టరికం. కానీ మూట పంట. దాని మీద వాళ్ల ఏడాది ఉంది. అందుకే తూకం వేయించి, డబ్బు వదిన చేతికిచ్చాను. వద్దనలేదు. లెక్కపెట్టుకుని కొంగున ముడేసుకుంది.

మీరూ స్నేహితుల చేనుకు పోతే తినండి, ఉండండి, ఒక పూట డ్రమ్ము కలపండి. పంట మాత్రం కొనుక్కోండి. ఈసారి నా వీడియోలో డ్రమ్ముతో పాటు దాన్ని కలిపే మనిషి కూడా కనపడుతుంది, ఆమె కూలి కూడా లెక్కలో ఉంటుంది.