ఆటలో కూల్చువారు

మనము బాల్యమున అరుగు క్రింద ఇసుకతో బొమ్మరిండ్లు కట్టుకొని, చింతగింజలతో పాయసము వండి, బొమ్మల పెండ్లిండ్లు చేయుచుండఁగా, ఎవఁడో యొక తుంటరి పరుగున వచ్చి ఆ యింటిని కాలితో తన్ని, కేకలు వేయుచు పాఱిపోవుట మీలో ననేకులకు జ్ఞప్తి యుండకపోదు. నాఁడు మనకు కలిగిన దుఃఖము ఇసుకను గూర్చినది కాదు. మనము శ్రమపడి కట్టినది కూలఁగా చూచి యొకఁడు నవ్వెనే, అనునదియే మన మనస్సును నొప్పించినది.

నేఁటి బాలబాలికలు ఆ బొమ్మరిండ్లను ఫోనులలోను కంప్యూటర్లలోను కట్టుకొనుచున్నారు. వేఱువేఱు ఊళ్లలో నున్న పిల్లలు ఏకకాలమున ఒకే లోకమున కలిసి యాడుదురు. వారి వెంట ఆ తుంటరియు నందు ప్రవేశించినాఁడు. గెలుపుకొఱకు గాక, ఇతరుల యాటను పాడుచేసి వారి దుఃఖమును చూచి యానందించుటకే యాడువానిని ఆంగ్లమున గ్రీఫరు అందురు. గ్రీఫ్ అనఁగా దుఃఖమే. ఈ మాసము వీరిని గూర్చి ముచ్చటింప తలఁచితిమి. ఏలయన ఈ సంగతి మా యింటి గడప దాఁటి లోనికే వచ్చినది.

మా అమ్మాయికి పదునొకండవ యేఁడు. మైన్‌క్రాఫ్టు అను ఆటయందు దానికి ప్రీతి మెండు. 2011వ సంవత్సరమున సంపూర్ణరూపమున వెలువడిన యీ యాటలో లోకమంతయు చదరపు దిమ్మెలతో నిండియుండును. ఒక్కొక్క దిమ్మె మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు గలదిగా నెంచుదురు. మన్ను త్రవ్వి, చెట్టు నఱికి, ఱాయి తెచ్చి, దిమ్మెపై దిమ్మె పేర్చి కోరిన కట్టడమును లేపవచ్చును. మా అమ్మాయియు, హైదరాబాదులో నున్న దాని పిన్ని కూఁతురును, మేనమామ కుమారుఁడును వేసవి సెలవులలో నలువది దినములు కూడి, ఒక కోనేరు, కోనేటి గట్టున కోవెల, కోవెల యెదుట అంగడివీధి నిర్మించుకొనిరి. గోపురమునకు ఎన్ని అంతస్తులుండవలెనో మమ్ము అడిగి మఱీ కట్టిరి. ఒకనాఁటి రాత్రి కంప్యూటరును తెఱచియుంచి పిల్ల భోజనమునకు లేచినది. మరల వచ్చి చూచునప్పటికి కోనేట నీటికి మాఱుగా లావా, అనఁగా కరిగిన ఱాతినిప్పు, పాఱుచున్నది. కోవెల పేలుడుమందుతో కూలియున్నది. వీధి మధ్యమున ఎవఁడో పలక పాతి, దానిపై నవ్వు వ్రాసి పోయినాఁడు.

పిల్ల యేడ్చుచు వంటయింటిలోనికి వచ్చినది. మేమేమంటిమి? “ఆటయే గదా తల్లీ! అది నిజమైన కోవెలా యేమి? మరల కట్టుకొనుము” అని చెప్పి, గిన్నెలు సర్దుకొనుటలో మునిఁగితిమి. ఆ పిల్ల విస్తరి ముందు కూర్చుండియు అన్నము ముట్టలేదు. అప్పుడు మాస్టరుగారు మెల్లగా, “నీవు నెల దినములు అల్లిన లేసును ఒకఁడు కత్తెరతో కత్తిరించిపోయి, దారమే గదా మరల అల్లుకొనుమన్నచో ఊరకుందువా?” అని యడిగిరి. మాకు ప్రత్యుత్తరము తోఁచలేదు. మొదటి తప్పు మాదేయని తెలిసినది. పిల్ల దుఃఖమును ముందు దుఃఖమని యొప్పుకొనవలెను. ఉపాయములు తరువాతి మాట.

మఱునాఁడు పిల్లలతోపాటు కూర్చుండి మేమును కొంత నేర్చుకొంటిమి. తల్లులకు పనికివచ్చు నని యిందు వ్రాయుచున్నాము.

మొదటిది వాకిలి. ఈ యాటలో మన లోకమునకు ఎవరు రావచ్చునో మనమే నిర్ణయింపవచ్చును. పిలిచినవారే వచ్చుట యొకటి, స్నేహితులు వచ్చుట యొకటి, స్నేహితుల స్నేహితులును వచ్చుట యొకటి. మా వారి వాకిలి మూఁడవ విధముగా బార్లా తెఱచియుండెను. నడిరేయి వీధితలుపు తీసి నిద్రించి దొంగను తిట్టినట్లయినది. రెండవది అధికారము. వచ్చినవానిని సందర్శకునిగా నుంచినచో వాఁడు చూచిపోవునే గాని దిమ్మెను కదల్చలేఁడు. నమ్మకము కుదిరిన తరువాత సభ్యునిగా చేయవచ్చును. మూఁడవది, నిప్పు వ్యాపించుటను, పేలుడుమందు పేలుటను ముందుగానే నిలిపివేయు నేర్పాటులు అందే కలవు. నాలుగవది, వారమున కొకమాఱు లోకమునకు నకలు తీసియుంచవలెను. ఆ యొక్క పని చేసియుండినచో మా కోవెల మరునిమిషముననే లేచియుండెడిది.

ఐదవది యన్నిటికంటె కష్టమైనది. కూల్చినవానితో వాదింపరాదు, తిట్టరాదు, ప్రతీకారమునకు పోరాదు. వాఁడు కోరి వచ్చినది మన కోవెలను కాదు, మన యేడుపును. అది దొరకనిచో వానికి కూలి గిట్టదు. గడ్డి లేనిచోట పడిన నిప్పు తనంత చల్లారును గదా! జరిగినదానికి తెరచిత్రము తీసి దాఁచి, ఆ పేరును అడ్డగించి, ఆట నడపువారికి ఫిర్యాదు పంపి, తలుపు మూసికొనుటయే చాలును.

ఇంత నేర్చుకొంటిమని మేము కొంత గర్వపడుచుండఁగా, నాలుగవనాఁడు ఫోను మ్రోగినది. మా అబ్బాయి సహాధ్యాయి తల్లి. మిక్కిలి మర్యాదగా, “అక్కగారూ, మీ అబ్బాయిని మావాఁడు తన యాటలోనికి పిలిచినాఁడట. మీవాఁడు దొడ్డి తలుపులు తీసి పశువులనన్నిటిని తోలివేసి, ఇంటిపై నిప్పు పోసినాఁడట. మావాఁడు మూఁడు దినములుగా బడికి పోనని మారాము చేయుచున్నాఁడు” అనెను.

‘మావాఁడట్టివాఁడు కాఁడు’ అను మాట మా నాలుక చివర నుండెను. ఎట్లో మ్రింగుకొంటిమి. పదునాలుగేండ్ల మా కుమారుని పిలిచి యడుగఁగా వాఁడు తల వంచి, “తమాషాకు చేసితినమ్మా, ఆటయే గదా!” అనెను. సోదరీమణులారా, ఆ మాట మాదే! నాలుగు దినముల క్రిందట ఏడ్చుచున్న చెల్లెలితో మేమన్న మాటనే వాఁడు మాకు తిరిగి యప్పగించినాఁడు.

ఆ రాత్రి మాకు భారతము ఆదిపర్వము స్మరణకు వచ్చినది. చిన్ననాఁడు భీమసేనుఁడు కౌరవకుమారులను నీట ముంచియు, వారు పండ్లకై చెట్టెక్కఁగా ఆ చెట్టును కుదిపి వారిని రాల్చియు వినోదించుచుండెను. అది ద్రోహబుద్ధితో గాదు, బాల్యచాపల్యము చేతనే యని వ్యాసులవారే సెలవిచ్చిరి. అయినను చెట్టుపైనుండి పడినవానికి అది వినోదమగునా? ఆ నొప్పి దుర్యోధనుని యెదలో పగగా పండి, యన్నములో విషమై, భీముని తీఁగెలతో కట్టి గంగలో త్రోయువఱకు పోయినది. దుర్యోధనుని నేరమును మేము తక్కువ చేయుట లేదు. కాని ఆ చెట్టు క్రింద నొక పెద్దదిక్కు నిలిచి, “నాయనా, నీకిది యాట, వానికిది నొప్పి” అని నాఁడే చెప్పియుండినచో నెంత బాగుండెడిదో యని మాకు తోఁచును.

మా వానిని మేము తిట్టలేదు. ఏలయన వాఁడట్లు చేసిన సాయంకాలమున నేమి జరిగినదో మాకు జ్ఞాపకము వచ్చినది. ఇంటికి వచ్చిన చుట్టముల యెదుట వాని లెక్కల మార్కులను చదివి మేము నవ్వితిమి. మేము వాని గోపురమును కూల్చితిమి, వాఁడు పోయి మఱియొకని యింటిని కూల్చెను. ఇది సాకు కాదు, కారణము మాత్రమే. లీగ్ ఆఫ్ లెజెండ్సు అను ఆటను నడపు రయట్ సంస్థవారు తమ యాటగాండ్రను పరిశీలింపఁగా, ఎల్లప్పుడును దుష్ప్రవర్తన గలవారు నూటికి ఒక్కరే యనియు, ఆటలోని చెడుగులో వారి పాలు నూటికి 5 వంతులు మాత్రమే యనియు, తక్కినదానిలో అత్యధికభాగము నాఁటి దినము బాగుగా లేని సామాన్యులు చేసినదే యనియు తేలినదట. శిక్షించునపుడు, నీవాడిన యే మాటకు ఈ శిక్షయో స్పష్టముగా చూపినచో మరల తప్పుచేయువారు తగ్గిరనియు వారు కనుఁగొనిరి. కారణము చెప్పని దండన కోపమునే పెంచునని మన యిండ్లలో మాత్రము మనకు తెలియదా?

మఱియొక సంగతి. 2012వ సంవత్సరమున వెలువడిన జర్నీ యను ఆటలో ఇద్దఱు అపరిచితులు ఎడారిలో కలిసి పయనింతురు. తయారుచేయు దినములలో ఆటగాండ్రు ఒకరినొకరు గోతులలోనికి నెట్టుట చూచి, నిర్మాతలు వారిని మందలింపలేదు. నెట్టు శక్తినే తీసివేసిరి. అంతియగాక, ఒకరి నొకరు తాఁకినచో ఎగురు బలము కలుగునట్లు మార్చిరి. కీడు చేయు దారి మూసి, మేలు చేయు దారి తెఱచినచో అదే మనుష్యుఁడు వేఱుగా నడచును.

ఇది మేమును అనుసరించితిమి. మా అబ్బాయిని ఆటనుండి వెలివేయలేదు. ఆ బాలునికి ఫోనుచేసి, తాను చేసినదేదో పేరు పెట్టి చెప్పి క్షమాపణ వేఁడుకొమ్మంటిమి. దొడ్డిని తన చేతులతో మరల కట్టుమంటిమి. ఆ బాలుఁడు తెలివిగలవాఁడు. మొదటి వారము మావానిని సందర్శకునిగానే రానిచ్చెను. మావాఁడు ఏమియు ముట్టలేక, కాలిన యింటి చుట్టును తిరిగి చూచి వచ్చెడివాఁడు. మేము ఎన్ని నీతులు చెప్పినను నేర్పలేని పాఠము ఆ వారము నేర్పినది. రెండవ వారమున పలుగు చేతికిచ్చిరి. మార్కుల విషయమై మేమును వానిని క్షమాపణ కోరితిమి. తల్లి కుమారుని క్షమాపణ వేఁడుటయా యని కొందఱు నవ్వవచ్చును. మాకు చింత లేదు.

ఒక హెచ్చరిక మాత్రము మఱవవలదు. కూల్చువారందఱును పిల్లలు కారు. ఆటలో పరిచయమై చిరునామా యడుగువాఁడు, ఛాయాచిత్రము పంపుమనువాఁడు, బెదరించువాఁడు తుంటరి కాఁడు, అపాయకారి. అట్టివాని విషయమున ఓర్పు పనికిరాదు. సంభాషణలను చెఱపక భద్రపఱచి, సైబరు నేరముల సహాయసంఖ్య 1930కి గాని, బాలల సహాయసంఖ్య 1098కి గాని తెలుపవలెను. ఫోను లాగికొందుమని పిల్లను భయపెట్టినచో, మరుసటిమాఱు ఆ పిల్ల మనకు చెప్పనే చెప్పదు.

మా అమ్మాయి కోవెల మరల లేచుచున్నది. ఈ మాఱు గోపురమునకు మూఁడే అంతస్తులు. ఱాళ్లు మోయుటకు అన్న కూలికి కుదిరినాఁడు. మీ యింట పిల్ల ఆటలో నష్టపడి యేడ్చినపుడు ఆటయే గదా యని త్రోసివేయకుఁడు. పొరుగింటి తల్లి ఫోను చేసినపుడు మావాఁడట్టివాఁడు కాఁడని తొందరపడి పలుకకుఁడు. ఈ రెండు మాటలను మ్రింగుకొనఁగలిగినచో తక్కిన పని సగము నెఱవేఱినట్లే.